మూడు గదులు, ఒక్క పాఠం: లైవ్ వీడియో క్లాసు ప్రాజెక్టు డైరీ

సెటప్ ముందు చెప్పేస్తా, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఒకటో గదిలో టీచరు, ఆవిడ ఎదురుగా ఒక క్లాసు పిల్లలు. రెండో గది, మూడో గది వేరే చోట్ల ఉన్నాయి, అక్కడ కూడా పిల్లలు, ప్రతి గదిలో ఒక హెల్పరు. రికార్డు చేసిన పాఠం ఆడించి చూపించడం కాదు, పిల్లలు అడగాలి, టీచరు విని అక్కడికక్కడే బదులివ్వాలి, ఒక గది పిల్లలు ఇంకో గది పిల్లలతో కూడా మాట్లాడాలి. పని చేసినవీ, చెయ్యనివీ రెండూ రాస్తున్నా, ఎక్కువగా చెయ్యనివే, ఎందుకంటే వేరేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

స్టేజి 1: కెమెరా పక్కన పెట్టి మైకు పట్టుకున్నాం

ప్లాన్‌లో మొదట కెమెరా ఉంది. మొదటి ట్రయల్ అయ్యాక దాన్ని కిందకి జరిపేశాం. బొమ్మ కాసేపు ఆగిపోయినా పిల్లలు ఓపికగా చూస్తారు, మాట ముక్కలైతే మాత్రం రెండు నిమిషాల్లో పక్కవాళ్ళతో కబుర్లు మొదలవుతాయి. రెండో గదిలో అదే జరిగింది.

కారణం లాప్‌టాప్ మైకు. టీచరు దానికి నాలుగు మీటర్ల దూరంలో బోర్డు దగ్గర ఉన్నారు. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అర మీటరు నుంచి నాలుగు మీటర్లంటే మూడు రెట్టింపులు, అంటే 18 డెసిబెల్స్ పోయినట్టే. ఫ్యాను చప్పుడు మాత్రం ఎక్కడికీ పోదు, అది అలాగే ఉంటుంది. ఫోన్ యాప్‌తో చూస్తే ఖాళీ గదిలో ఫ్యాన్లు తిరుగుతుంటే 52, ఆపితే 38 చూపించింది. ఫోన్ యాప్ లెక్క ఉజ్జాయింపే, కానీ రెండిటి మధ్య తేడా తెలియడానికి చాలు. అమెరికాలో క్లాస్‌రూం శబ్దానికి ఎస్12.60 అని ఒక స్టాండర్డ్ ఉంది, అందులో మామూలు సైజు గదికి వెనకాల చప్పుడు 35 డెసిబెల్స్, శబ్దం గదిలో ప్రతిధ్వనించి చల్లారడానికి 0.6 సెకన్లు మించకూడదంటారు. మేం అంత దాకా వెళ్ళలేదు, మైకు మీద ఉన్న ఒక్క ఫ్యాను ఆపి, వెనక గోడకి మందపాటి కర్టెన్ వేశాం. దానికే మాట బాగా తేటపడింది.

చివరికి ఇలా నిలిచింది:

1. టీచర్‌కి కాలర్ మైకు, గడ్డానికి జానెడు కింద. దుపట్టా, ఐడీ కార్డు తాడు దానికి రాసుకోకూడదు, ఆ గరగర అవతల గదుల్లో పెద్దగా వినపడుతుంది.
2. పిల్లలకి చేతిలో పట్టుకునే మైకు, గదికి ఒక్కటే. బల్లల మీద నాలుగు పెట్టి చూశాం, ఒకే గొంతు రెండు మూడు మైకుల్లో పడి డొల్లగా వచ్చింది. ఎక్కువ మైకులు తప్పదనుకుంటే మైకుకీ మనిషికీ మధ్య ఎంత దూరముందో, మైకుకీ మైకుకీ మధ్య దానికి మూడు రెట్లుండాలి.
3. స్పీకరు పిల్లల వైపు తిరిగి ఉండాలి, మైకు వైపు కాదు.
4. ఒకే గదిలో రెండో డివైజ్‌తో జాయిన్ అయితే దాని మైకూ, స్పీకరూ రెండూ ఆపాలి. ఒకటి ఆపి ఒకటి వదిలేస్తే కూత మొదలవుతుంది.

ఇంకో విషయం, ఇది కనిపెట్టడానికి చాలా టైం పట్టింది. లయ నేర్పే పాఠంలో మూడో గది పిల్లలు చప్పట్లు కొడుతూ పద్యం చదివారు, మాకు పెదాలు కదలడం కనపడుతోంది, చప్పట్లు అసలు లేవు, పద్యం కూడా మధ్యమధ్యలో మాయం. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ సప్రెషన్ ఒక మనిషి మాటని మాట అనుకుంటుంది, చప్పట్లూ, బృందగానం, వాయిద్యాలూ దానికి చెత్త కిందే లెక్క. సెట్టింగ్స్‌లో దాన్ని తగ్గించాక వచ్చాయి. మాట్లాడే పాఠానికి ఒక సెట్టింగూ, పాడే పాఠానికి ఒకటీ అని టీచరు టేబుల్ మీద చీటీ అంటించాం.

స్టేజి 2: ఆలస్యం కొలిచాం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే. టీచరూ పిల్లాడూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఆగిపోవడం, "చెప్పు చెప్పు", "మీరు చెప్పండి మేడమ్", మళ్ళీ ఇద్దరూ ఒకేసారి. దీన్ని అందరూ అలవాటు లేకపోవడం అనుకున్నారు. సగం అలవాటే, మిగతా సగం మిల్లీసెకన్లు.

కొలిచే పద్ధతి:

1. ఒకటో గదిలో స్పీకరు పక్కన ఫోన్ పెట్టి వాయిస్ రికార్డింగ్ ఆన్ చేయండి.
2. రెండో గదిలో ఎకో క్యాన్సిలేషన్ (స్పీకరులోంచి వచ్చిన గొంతు మైకులోంచి వెనక్కి పోకుండా ఆపే సెట్టింగ్) తాత్కాలికంగా ఆపండి, లేకపోతే మన గొంతు తిరిగి రాదు. మూడో గది మ్యూట్.
3. ఒకటో గది మైకు దగ్గర "ట" అని గట్టిగా ఒక్కసారి అనండి. చప్పట్లు వద్దు, పైన చెప్పాగా, మింగేస్తుంది.
4. ఆ రికార్డింగ్‌ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మొదటి "ట"కీ తిరిగొచ్చిన "ట"కీ మధ్య ఎంతుందో చూడండి. అది రానూపోనూ ఆలస్యం, సుమారు సగం చేస్తే ఒకవైపుది.
5. అయ్యాక ఎకో క్యాన్సిలేషన్ మళ్ళీ ఆన్ చేయండి. మర్చిపోతే క్లాసంతా టీచరు మాట టీచరుకే వినపడుతుంది.

రానూపోనూ లెక్క:

- మొదటి కొలత: 680 మిల్లీసెకన్లు
- రెండో గదిలో బ్లూటూత్ స్పీకరు తీసి వైరు స్పీకరు పెట్టాక: 500
- వైఫై మానేసి రెండు గదుల్లో నెట్‌వర్క్ కేబుల్ పెట్టాక: 390
- ఒకటో గదిలో టీవీని గేమ్ మోడ్‌లో పెట్టాక: 310

బ్లూటూత్ ఒక్కటే 180 తినేస్తోంది. కేబుల్‌తో తగ్గడం స్పీడు వల్ల కాదు. వైఫైలో ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఒకటి ముందూ ఒకటి వెనకా వస్తుంటాయి, ఆ ఎగుడుదిగుడు సర్దడానికి సాఫ్ట్‌వేర్ కొంత సౌండుని ఆపి పట్టుకుని తర్వాత వదులుతుంది. ఎగుడుదిగుడు తగ్గితే పట్టుకోవడం తగ్గుతుంది. టీవీ కూడా అంతే, బొమ్మకి మెరుగులు దిద్దడానికి టైం తీసుకుంటుంది, సౌండు దాని కోసం ఆగుతుంది.

310లో సగం 155. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ళ జీ.114 సిఫార్సులో ఒకవైపు 150 మిల్లీసెకన్ల దాకా సంభాషణకి ఇబ్బంది ఉండదని, 400 దాటకూడదని ఉంటుంది. దాదాపు ఆ గీత దగ్గరికి వచ్చాం. మీది భూస్థిర ఉపగ్రహం మీద నడిచే లింక్ అయితే ఈ గీత అందదు, 35,786 కిలోమీటర్లు పైకెళ్ళి కిందకి రావడానికే ఒకవైపు 240 పోతాయి, ఎన్ని వైర్లు మార్చినా అది తగ్గేది కాదు. అలాంటి వాళ్ళు స్టేజి 4 రూల్స్ ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

మూడో గది కథ వేరు. అక్కడ మాట కాసేపు ఆగిపోయి, తర్వాత గబగబా పరిగెత్తినట్టు వచ్చేది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 20 ఎంబీపీఎస్, అందరూ ఆ నంబరు చూసి నెట్ బాగానే ఉందన్నారు. కింద అప్‌లోడ్ 1.1 మాత్రమే. పిల్లల బొమ్మ, గొంతు బయటికి రావాల్సింది దాంట్లోంచే కదా. పైగా ఆ నెట్‌వర్క్‌లో యూడీపీ (పోయిన ప్యాకెట్ కోసం ఆగకుండా డేటా పంపే పద్ధతి) బ్లాక్ అయి ఉంది, కాల్ టీసీపీ అనే ఇంకో పద్ధతి మీద నడుస్తోంది. టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనకవన్నీ క్యూలో నిలబడతాయి, ఆగి ఆగి పరిగెత్తే మాట అందుకే. నెట్‌వర్క్ చూసేవాళ్ళతో మాట్లాడి యూడీపీ 3478 పోర్టు తెరిపించాం, ఆ గది నుంచి పంపే బొమ్మని 360పీకి దించాం. మాట వెంటనే నిలకడైంది. బొమ్మ మసకగా ఉందని పిల్లలెవరూ అడగలేదు.

డేటా లెక్క (45 నిమిషాల క్లాసు, ఒక గదికి):

- మూడు బొమ్మలూ 720పీ, ఒక్కోటి 1.5 ఎంబీపీఎస్ అనుకుంటే: సుమారు 1.5 జీబీ
- స్క్రీను మీద చిన్న కిటికీలో కనపడే ఒక గదిని 0.5కి దించితే: సుమారు 1.2 జీబీ

స్టేజి 3: అక్షరాలూ, చూపూ

వెలుతురు గురించి రెండు ముక్కలే. కిటికీ పిల్లల వెనక ఉంటే అందరూ నల్ల నీడల్లా కనపడతారు, వరసలు తిప్పేయండి. బొమ్మలో చారలు పాకుతుంటే కెమెరా సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లిక్కర్‌ని మీ కరెంటు ఫ్రీక్వెన్సీకి, 50 గానీ 60 గానీ, పెట్టండి.

బోర్డుని కెమెరాతో చూపించడం తెలుగుకి అస్సలు కుదరలేదు. వీడియో కుదించేటప్పుడు ముందు పోయేవి సన్న గీతలు. ద, ధ తేడా ఒక చిన్న గీత, ప, ఫ కూడా అంతే, ఒత్తులైతే కింది లైను గుడితో అతుక్కుపోతాయి. మూడో గది నోటుబుక్కులు తెప్పించి చూస్తే "విద్య" చాలామంది "విద"గా దించుకున్నారు. పిల్లల తప్పు లేదు, వాళ్ళకి కనపడింది అదే.

లెక్క ఇలా వేశాం. దూరపు గదుల్లో టీవీ 55 అంగుళాలది, ఎత్తు 68 సెంటీమీటర్లు. చివరి బెంచీ ఆరు మీటర్ల దూరం. సుఖంగా చదవాలంటే మూడు మీటర్లకి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున అక్షరం ఎత్తుండాలి, అంటే ఇక్కడ ఐదు సెంటీమీటర్లు. తెలుగుకి కింద ఒత్తుకీ, పైన గుడికీ చోటు వదిలితే ఒక్కో లైనుకి తొమ్మిది, తొమ్మిదిన్నర పడుతుంది. కాబట్టి స్క్రీనుకి ఏడు లైన్లు, అంతకు మించి వద్దు. టీచర్లకి ఇది కష్టంగా అనిపించింది, అలవాటైన స్లైడ్లన్నీ మూడు ముక్కలు చెయ్యాల్సి వచ్చింది. కానీ చేశాక వాళ్ళే చెప్పారు, ముక్క ముక్కకీ ఆగి ప్రశ్న అడగడానికి చోటు దొరికిందని.

బోర్డు కెమెరా తీసేసి, కాగితం మీద లావు మార్కర్‌తో రాస్తుంటే పైనుంచి చూపించే డాక్యుమెంట్ కెమెరా పెట్టాం, దాన్ని స్క్రీన్ షేర్ దారిలో పంపాం. ఆ దారిలో ఫ్రేములు తక్కువ, స్పష్టత ఎక్కువ, అక్షరాలకి కావల్సిందదే. అదే దారిలో ప్రయోగం వీడియో ఆడిస్తే మాత్రం తడబడుతుంది, దానికి షేర్‌లో వీడియో కోసం ఉండే ఆప్షన్ వేరేగా నొక్కాలి.

చూపు సంగతి. రెండో గది పిల్లలు "మేడమ్ మమ్మల్ని చూడట్లేదు" అన్నారు. ఆవిడ టీవీలో వాళ్ళనే చూస్తున్నారు, కెమెరా మాత్రం టీవీ పైన ఉంది, వాళ్ళ బొమ్మ కంటే 80 సెంటీమీటర్ల ఎత్తులో. మూడు మీటర్ల నుంచి చూస్తే 15 డిగ్రీల తేడా. మిల్టన్ చెన్ 2002లో చేసిన పరిశోధన ప్రకారం చూపు కెమెరాకి కింద 5 డిగ్రీల లోపు ఉంటే ఎదుటివాళ్ళకి తమనే చూస్తున్నట్టు అనిపిస్తుంది. పిల్లల కిటికీని స్క్రీను పైఅంచుకి లాగి, కెమెరాని అక్కడికి ఆనించేలా దించితే 25 సెంటీమీటర్లయింది, 5 డిగ్రీల్లోపు. ఖర్చు లేని మార్పు, మళ్ళీ ఆ ఫిర్యాదు రాలేదు.

స్టేజి 4: టీచర్ల ట్రైనింగ్

మొదటి విడతలో బటన్లు నేర్పించాం: మ్యూట్, షేర్, పోల్, రూములు. అందరూ నేర్చుకున్నారు, క్లాసు మాత్రం మారలేదు. ఒకటో గది పిల్లలు ఎదురుగా ఉంటారు, చెయ్యెత్తుతారు, టీచరు సహజంగా వాళ్ళనే అడుగుతారు. ఒక కాగితం మీద గీతలు పెడితే ఒక క్లాసులో వచ్చిన 26 జవాబుల్లో 21 ఒకటో గదివే.

అప్పుడు ట్రైనింగ్ మొత్తం తిప్పేశాం. బటన్ల క్లాసు ఆపి, టీచరుని తీసుకెళ్ళి రెండో గదిలో చివరి బెంచీలో కూర్చోబెట్టి, ఇంకో టీచరు చెప్పే పాఠాన్ని పిల్లల్లో ఒకరిగా వినమన్నాం. జవాబు తెలిసి, నోరు తెరిచేలోపు "సరే, నేనే చెప్తా" అని టీవీలోంచి వినపడితే ఎలా ఉంటుందో అక్కడ కూర్చున్న ఒక సీనియర్ మేడమ్‌కి తెలిసింది. బయటికొచ్చి ఆవిడ అన్న మొదటి మాట, "వాళ్ళకి టైమే ఇవ్వట్లేదండీ మనం". అప్పటి నుంచి ప్రతి టీచరుకీ ఈ మెట్టు తప్పనిసరి చేశాం.

ఆవిడ అన్నదానికి లెక్క ఉంది. మనుషులు మాటకి మాట అందుకునే ఖాళీ చాలా చిన్నది, 2009లో పది భాషల సంభాషణలు కొలిచిన పరిశోధనలో అది సగటున 200 మిల్లీసెకన్ల చుట్టూ తేలింది. మన లింక్ ఆలస్యమే 310. పిల్లాడు సరైన టైంకే మొదలుపెట్టినా టీచరుకి అది మౌనంగానే వినపడుతుంది, ఈలోపు ఆవిడ ప్రశ్న తిప్పి అడుగుతారు, ఢీ. పైగా అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూసిందేంటంటే మామూలు క్లాసులోనే టీచర్లు ప్రశ్న అడిగి ఒక సెకను కంటే ఆగరు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, నోరు విప్పే పిల్లలు పెరుగుతారు. ఆ ఒక్క సెకనులో మూడో వంతు తీగలే తీసేసుకుంటే, మైకు అందుకుని ఆన్ చెయ్యాల్సిన పిల్లకి ఇంకేం మిగులుతుంది?

అడిగే వరస ఇలా ఖాయం చేశాం:

1. ముందు గది పేరు: "రెండో గది". హెల్పరు మైకు ఆన్ చేస్తారు, కెమెరాని పిల్లల వైపు తిప్పుతారు.
2. తర్వాత ప్రశ్న, ఒక్కసారే. మాటలు మార్చి మళ్ళీ అడగకూడదు.
3. మనసులో ఐదు దాకా లెక్క. నోరు మూసుకుని, మొహంలో మాత్రం వింటున్నట్టు.
4. అప్పుడు పేరు పిలవడం.
5. పిల్ల చెప్పేటప్పుడు "ఊఁ", "ఆఁ" అనకూడదు, తల ఊపాలి. చాలా సిస్టంలు గొంతు వినపడ్డ గదినే పెద్దగా చూపిస్తాయి, ఒక్క "ఊఁ"తో స్క్రీను పిల్లని వదిలి టీచరు మీదకి దూకుతుంది.

ఐదోది అన్నిటికంటే కష్టం. ఊఁ కొట్టడం మన మాటలో భాగం, అది లేకపోతే వినట్లేదేమో అనిపిస్తుంది. అందుకే స్క్రీను దానంతటదే మారే పద్ధతి ఆపేసి మూడు గదులూ పక్కపక్కన కనపడే లేఅవుట్‌కి మారాం. ఒకటో గదిలో కుర్చీ జరిగినా బొమ్మ గెంతే బాధ కూడా దాంతో పోయింది.

స్టేజి 5: పిల్లల ట్రైనింగ్

టీచర్లని తయారు చేస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారన్నది ప్లాన్‌లో ఉన్న అంచనా. అది నిలవలేదు. టీవీ ముందు కూర్చోబెడితే పిల్లలు టీవీ చూసినట్టే చూస్తారు, టీవీ జవాబు ఆశించదు కదా. కాబట్టి పాఠం లేని ఒక పూర్తి పీరియడ్ దీనికే ఇచ్చాం.

1. మైకు నోటికి పిడికెడు దూరంలో, కాస్త పక్కకి.
2. ఆన్ చేశాక ఒక ఊపిరి ఆగి మొదలుపెట్టాలి, లేకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది.
3. ముందు పేరు, తర్వాత జవాబు. అవతల గది వాళ్ళకి ఎవరు మాట్లాడుతున్నారో కనపడకపోవచ్చు.
4. చివర "అంతే" అనాలి. అది వినపడేదాకా ఎవరూ అందుకోకూడదు, టీచరైనా సరే.
5. మైకు ఆఫ్, పక్కవాళ్ళకి.

"అంతే" పెట్టాక గొంతులు ఢీకొట్టడం బాగా తగ్గింది. ఆలోచిస్తూ మధ్యలో ఆగే పిల్లలకి దీనివల్ల ఎక్కువ మేలు జరిగింది, ఇంతకుముందు ఆ ఆగడంలోనే వాళ్ళ జవాబు లాగేసుకునేవాళ్ళం. మూడో గదిలో ఒకమ్మాయి మూడు చోట్ల ఆగి, భిన్నాల లెక్క ఒకటి పూర్తిగా విప్పి చెప్పి "అంతే సార్" అంది. అలాంటి పొడవు జవాబు ఆ గది నుంచి రావడం అదే మొదలు.

అందరూ కలిసి ఒకేసారి చదవడం మూడు గదుల మధ్య కుదరదు, ఆలస్యం వల్ల ఒకదాని మీద ఒకటి పడి గోల అవుతుంది. ఒక గది మైకు ఆన్, మిగతా రెండు మ్యూట్‌లో ఉండి దాంతో పాటు చదువుతాయి, చరణానికో గది మారుతుంది.

మైకు చేతులు మారే టైం స్టాప్‌వాచ్‌తో కొలిచాం:

- మొదట్లో: ఒక్కో మార్పుకి 40 సెకన్లు, క్లాసుకి 12 మార్పులు, మొత్తం 8 నిమిషాలు
- డ్రిల్ తర్వాత: 15 సెకన్లు, అవే 12 మార్పులు, మొత్తం 3 నిమిషాలు
- మిగిలింది: క్లాసుకి 5 నిమిషాలు

జవాబుల కాగితం మళ్ళీ పెట్టాం: 24లో ఒకటో గది 10, రెండోది 8, మూడోది 6.

అయినా ఒకటి తక్కువే ఉంది. దూరవిద్య పరిశోధకుడు మైకెల్ మూర్ 1989లో దూరవిద్యలో మూడు రకాల సంబంధాలు చెప్పాడు: పిల్లలకీ పాఠానికీ, పిల్లలకీ టీచరుకీ, పిల్లలకీ పిల్లలకీ మధ్య. ఈ 24 జవాబులూ టీచరు వైపే వెళ్ళాయి. అందుకని ఆ మిగిలిన 5 నిమిషాల్లో రెండో గది ఒక ప్రశ్న తయారు చేసి మూడో గదిని అడగాలి, టీచరు మధ్యలో రాకూడదు అని పెట్టాం. మొదట్లో రెండు వైపులా మౌనం. ప్రశ్నని ముందు రోజే కాగితం మీద రాసి పంపిస్తే నడిచింది.

స్టేజి 6: లైను తెగితే

తెగుతుంది, అది ప్లాన్‌లోనే ఉండాలి. హెల్పరు టేబుల్ మీద ఉన్న చీటీ:

1. బొమ్మ ఆగింది, మాట వస్తోంది: మన కెమెరా ఆపి, మాటతో కొనసాగండి.
2. రెండూ పోయాయి: ఒక నిమిషం ఆగండి, ఈలోపు ఒకసారి మళ్ళీ జాయిన్ అవ్వండి.
3. ఇంకా రాలేదు: టీచరు గదికి మామూలు ఫోన్ కాల్, స్పీకరు ఆన్, ఫోన్ మైకు దగ్గర పెట్టకండి.
4. అదీ కుదరలేదు: ముందే పంపిన వర్క్‌షీట్ రెండో పేజీ. అది ఆ రోజు పాఠంలో భాగమే, కాలక్షేపం కాదు.

నాలుగోది మొదట్లో "లైబ్రరీ పుస్తకాలు చదవనివ్వండి" అని ఉండేది. లైను తిరిగొచ్చేసరికి ఆ గది పాఠంలో లేదు, అందుకే మార్చాం. వర్క్‌షీట్ మీద పెద్ద నంబర్లు వేశాం, లైను రాగానే టీచరు "ఎన్నో నంబరు దగ్గరున్నారు" అని అడిగి అక్కడి నుంచి ఎత్తుకుంటారు.

రికార్డింగ్ చెయ్యాలంటే ముందు తల్లిదండ్రుల అనుమతి, అది లేని పిల్లలు కెమెరా పట్టని వరసలో కూర్చుంటారు, మైకు మాత్రం వాళ్ళకీ వెళ్ళాలి.

ఇప్పటికి పెండింగ్ రెండు. సైన్సు ప్రయోగాలు: మూడు గదుల్లోనూ చేతులతో చేస్తుంటే టీచరు ఒకేసారి మూడు బల్లలు చూడలేరు, హెల్పర్లకి ముందు రోజు అదే ప్రయోగం చేయించి చూడాలి. రెండోది, సరిగా వినపడని పిల్లలకి లైవ్ క్యాప్షన్లు. తెలుగు క్యాప్షన్లు టీచరు నెమ్మదిగా చెబితే పర్వాలేదు, సబ్జెక్టు పదాల దగ్గర తప్పులు ఎక్కువ పడుతున్నాయి, అందుకని ప్రస్తుతానికి ఆ రోజు ముఖ్యమైన పదాలు డాక్యుమెంట్ కెమెరా కాగితం పక్కనే రాసి ఉంచుతున్నాం.